నాలుగో అధ్యాయం వదిలిన పొగ

రంగేశ్వరి ఆరేళ్ళ కష్టానికి ఇంకా ముప్ఫై ఒక్క రోజుల ఆయుష్షు మిగిలి ఉండగా, వైస్ ఛాన్సలర్ గారు మూడు విమానాలు మారి విదేశం వెళ్ళి, పర్యావరణాన్ని కాపాడటం నేర్చుకుని వచ్చారు. పిల్ల అదృష్టం అలాంటిది.

ఆమెది కర్నూలు వైపు ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. ఆరేళ్ళ కిందట పత్రికల్లో ఒక ప్రకటన పడింది. 'సుస్థిర విత్తం, కార్పొరేట్ వాతావరణ నివేదికల రంగంలో డాక్టరల్ పరిశోధనకు అపూర్వ అవకాశాలు. పది సీట్లు. ప్రాయోజకులు: మహామేరు సిమెంట్స్.' ఆ చదువేమిటో ప్రకటన ఇచ్చినవాళ్ళకీ తెలియదు, దరఖాస్తు పెట్టినవాళ్ళకీ తెలియదు. చేరిన పదిమందిలో తొమ్మిదిమంది, గ్రూప్స్ పరీక్షలకి చదువుకోవడానికి హాస్టల్లో గది దొరికిందని సంతోషించారు. అసలు చదువేమిటో కనుక్కుందామని కూర్చున్నది రంగేశ్వరి ఒక్కతే.

కనుక్కుంటే తేలింది ఇది. పెద్ద కంపెనీలు ఏటా తాము ఎంత పొగ వదిలామో తామే రాసుకుని, నున్నటి కాగితం మీద రంగుల పుస్తకంగా అచ్చు వేయించి, పెట్టుబడిదారులకి పంపుతాయి. వాళ్ళు ఆ పుస్తకంలోని ఆకుపచ్చ బొమ్మలు చూసి మురిసిపోయి ఇంకాస్త పెట్టుబడి పెడతారు. పుస్తకంలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనా అని చూడటం పరిశోధకురాలి పని.

మహామేరు వారి పుస్తకం ప్రకారం ఆ కంపెనీ పొగ వదలదు. వదలకపోగా పీలుస్తుంది. ఎలాగంటే, కంపెనీ తన చుట్టూ ఒక గీత గీసుకుంటుంది. దాన్ని పరిధి అంటారు. గీత లోపలిదే లెక్క. సున్నపురాయి గని అనుబంధ సంస్థది, కనుక బయట. బట్టీ చైర్మన్ గారి బావమరిదికి లీజుకిచ్చారు, కనుక బయట. లారీలు కాంట్రాక్టర్లవి, కనుక అవీ బయటే. లోపల మిగిలింది ఒక గెస్ట్‌హౌసూ, దాని ముందు రెండు వందల క్రోటన్ మొక్కలూ. గెస్ట్‌హౌస్ వంటింటి పొగలోంచి మొక్కలు పీల్చినది తీసేస్తే, భూగోళం ఈపాటి చల్లగా ఉందంటే మహామేరు వారి చలవేనని తేలుతుంది.

రంగేశ్వరి థీసిస్‌లో నాలుగో అధ్యాయం ఆ గీతకి బయట కూర్చుని రాసింది. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఓబులమ్మ టీ బంకు ఉంది. అక్కడి బల్ల మీద పదకొండు నెలలు కూర్చుని, పోయే లారీ, వచ్చే లారీ లెక్కపెట్టింది. తను రాలేని రోజున ఓబులమ్మే లారీకో చింతపిక్క చొప్పున డబ్బాలో వేసి ఉంచేది. సగటున రోజుకి ఆరు వందల నలభై లారీలు తేలాయి.

"ఏంది పాపా, ఇన్ని లారీలు కండ్లెదురుగా పోతాంటే, ల్యావని రాసుకున్యారా వాళ్ళు?" అని అడిగింది ఓబులమ్మ ఒకనాడు.

"ల్యావని కాదవ్వా, వాళ్ళవి కాదని రాసుకున్యారు."

"మరి ఈ దుమ్మెవరిదంట?" అంది ఓబులమ్మ, కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడుగుతూ.

ఆ ప్రశ్నకి జవాబే నాలుగో అధ్యాయం. అది లేకపోతే థీసిస్‌లో మిగిలేది ముందుమాటా, నిర్వచనాలూ, కృతజ్ఞతలూ. ఆరేళ్ళు నిండేలోగా థీసిస్‌ని విశ్వవిద్యాలయం స్వీకరించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆమె రాయడం ముగించింది. గైడు ప్రొఫెసర్ నృసింహమూర్తి గారు సంతకం పెట్టాలి. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డతనానికి కావలసిన ధైర్యం ఆయనకి లేదు.

"నాలుగో అధ్యాయం తీసెయ్యమ్మా," అన్నారు బతిమాలుతున్నట్టు. "మూడు తర్వాత ఐదు వచ్చిందని ఎవరూ గమనించరు. అంతదాకా చదివిన పరీక్షకుణ్ణి నా ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో చూడలేదు."

"సార్, దాన్ని తీసేస్తే నేను ఆరేండ్లు ఏం చేసినట్టు సార్?"

"అందరూ చేసినట్టే చేసినట్టు."

ఈ బతిమాలాటలు నడుస్తూండగా దిగారు వైస్ ఛాన్సలర్ గారు. దిగిన మర్నాడే సెనేట్ హాల్లో సభ. హాలు గడగడ వణికేంత చలిగా ఏసీ వేసి, భూతాపం గురించి గంటన్నర మాట్లాడారు.

"విద్వజ్జనులారా! ఇకమీదట మన విశ్వవిద్యాలయం నుంచి వెలువడే ప్రతి సిద్ధాంత గ్రంథమూ శూన్యోద్గార సిద్ధాంత గ్రంథమై, అనగా ఇసుమంత పొగైనా వదలని గ్రంథమై విలసిల్లాలి. వాతావరణాన్ని గూర్చి పరిశోధిస్తూ వాతావరణానికే హాని తలపెట్టడం కంటె ద్రోహం మరొకటి లేదు. తొలి విడతగా సుస్థిర విత్త విభాగాన్ని ఎంపిక చేశాం. ఒక్కొక్క పరిశోధకునికి జీవితకాల కర్బన కోటా ఇరవై ఐదు కిలోలు. దాటిన గ్రంథం స్వీకరింపబడదు."

వెంటనే పట్టిక పంచారు. కంప్యూటర్ ముందు గంట కూర్చుంటే ఇన్ని గ్రాములు. పుట అచ్చు వేస్తే ఇన్ని. గైడుతో చర్చకు ఇన్ని, చర్చలో టీ తాగితే మరికొన్ని. బస్సెక్కితే కిలోమీటరుకి ఇన్ని. వైస్ ఛాన్సలర్ గారి విమానాల మాటేమిటని వెనక వరసలో ఎవరో గొణిగారు. రిజిస్ట్రార్ మార్తాండరెడ్డి గారు లేచి, పాలనా వ్యవహారాలు పరిధికి వెలుపలివని సవినయంగా విన్నవించారు.

వారం తిరక్కుండా సమీక్షా సంఘం కూర్చుంది. అధ్యక్ష స్థానంలో రిజిస్ట్రార్ గారు, పక్కన ప్రాయోజకుల తరఫున మహామేరు వారి సుస్థిరతాధికారి పరిమళరావు గారు. ఈయన బట్టలకి దుమ్మంటదు, ముఖంలోంచి చిరునవ్వు పోదు. ముందుగా హుసేనయ్యని పిలిచారు. హుసేనయ్య ఆరేళ్ళుగా హాస్టల్ పదకొండో నంబరు గదిలో గ్రూప్స్‌కి చదువుతున్నవాడు.

"మీ సిద్ధాంత గ్రంథ ప్రగతి ఏమిటి?"

"ఏం ల్యాదు సార్."

"పుటలు?"

"ఒగటి కూడా రాయల్యా సార్."

"క్షేత్ర పర్యటన?"

"యాడికీ పోల్యా సార్. రూముకాడే ఉన్న్యా."

తనని ఇవాళ పంపించేస్తారని హుసేనయ్య అప్పటికే పెట్టె సర్దుకుని వచ్చాడు. సభ్యులు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిజిస్ట్రార్ గారు లెక్క కట్టారు. చేరిన రోజు పెట్టిన దరఖాస్తు కాగితం, పన్నెండు గ్రాములు. అంతే.

"ఆరు సంవత్సరాలలో పన్నెండు గ్రాములు!" రిజిస్ట్రార్ గారు కుర్చీలోంచి లేచారు. "ఇది సోమరితనం అనుకునేవారం. కాదు నాయనా, ఇది సంయమనం." అని శాలువా తెప్పించి కప్పారు. పెట్టె తలుపు దగ్గరే పెట్టి శాలువాతో ఫొటో దిగాడు హుసేనయ్య. మిగతా ఎనిమిదిమందివీ ఇలాంటి సంయమనాలే. ఒకమ్మాయి కోటాలో మాత్రం అరకిలో ఎక్కువ పడింది. రెండో ఏట పొరపాటున లైబ్రరీకి వెళ్ళి జిరాక్సు తీయించిందట.

ఆఖర్న రంగేశ్వరి. గేటు దగ్గరకి పదకొండు నెలలు పోనూ రానూ బస్సు, కంప్యూటరు, మూడు వందల నలభై పుటలు, గైడుతో తాగిన టీలు. మొత్తం రెండు వందల పన్నెండు కిలోలు. గదిలో ఎవరో నాలిక కరుచుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు చదివిందేమిటి, చేసిందేమిటి?" అన్నారు రిజిస్ట్రార్ గారు బాధగా.

పరిమళరావు గారు మృదువుగా అందుకున్నారు. "కఠినంగా చూడకండి సార్. ఇందులో నూట తొంభై కిలోలు నాలుగో అధ్యాయానివే. ఆ అధ్యాయాన్ని ఉపసంహరించుకుంటే, ఆ ప్రయాణాలు గ్రంథ పరిధికి వెలుపలకు వెళ్ళిపోతాయి. మేడం గారికి డాక్టరేట్, భూమాతకు ఉపశమనం."

"అధ్యాయం తీసేస్తే, నేను బస్సెక్కింది ఎక్కనట్టు అయిపోతుందా సార్?"

"నివేదికా ప్రమాణాల దృష్ట్యా, ఎక్కనట్టే."

రంగేశ్వరి లేచి వచ్చేసింది. ఇంకో మాటంటే ఏడుపొచ్చేట్టు ఉంది, ఆ మనిషి ముందు ఏడవడం ఆమెకి ఇష్టం లేదు. హాస్టల్ మెస్‌లో ఒక మూల కూర్చుని కొత్త నిబంధనల పుస్తకం మొదటినుంచీ చదివింది. దాన్ని చదివిన మొదటి మనిషి ఆమె. రాసినవాళ్ళు ఏదో కంపెనీ కాగితాల్లోంచి యథాతథంగా ఎత్తి రాశారు కాబట్టి వాళ్ళూ చదవలేదు. పద్నాలుగో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది. 'వినియోగించని కోటాను ఇతరులకు బదలాయించవచ్చును.'

హుసేనయ్య శాలువా కప్పుకునే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అంత ఉక్కలోనూ తీయబుద్ధి కాలేదతనికి.

"అక్కా, ఏందంట?"

చెప్పింది. అతను నిబంధన చదివి పడీపడీ నవ్వాడు. "నా కాడ ఇరవై నాలుగు కిలోల తొమ్మిదినూర్ల ఎనభైయెనిమిది గ్రాములుండాదిగదక్కా! నేనేం చేసుకోవల్ల దాన్ని? ఎత్తకపో."

"ఊరికే ఎందుకిస్తావప్పా?"

"ఊరికేనా? ఆర్నెల్లకోసారి మా తొమ్మిదిమంది ప్రగతి నివేదికలు రాసిచ్చింది ఎవరు? నువ్వు కాదూ? 'పరిశోధన సంతృప్తికరంగా సాగుచున్నది' అని నువ్వు రాయకపోతే నాలుగేండ్ల కిందనే మమ్మల్ని గేటుబయటకి తోసుందురు. ఉండు, అందర్నీ పిలుచుకొస్తా."

సాయంత్రానికల్లా తొమ్మిదిమందీ సంతకాలు పెట్టేశారు. జిరాక్సు తీయించిన అమ్మాయి అరకిలో తగ్గినందుకు ఎంతో నొచ్చుకుంది. రంగేశ్వరి చేతిలో ఇప్పుడు అవసరానికి మించిన కోటా ఉంది. నాలుగో అధ్యాయంతో సహా ఐదు ప్రతులు అట్టలు కట్టించి, బదలాయింపు పత్రాలతో పట్టుకెళ్ళి రిజిస్ట్రార్ గారి బల్ల మీద పెట్టింది. అంతకుముందే గైడు గారు కళ్ళు మూసుకుని సంతకం పెట్టి ఇచ్చారు. కళ్ళు మూసుకున్నా సంతకం వంకర పోలేదు, ముప్ఫయ్యేళ్ళ అలవాటు.

రిజిస్ట్రార్ గారికి ఏం చేయాలో తోచలేదు. నిబంధన తమదే. రెండు వారాలకు పైగా ఫైలు తిరిగాక ఒక ఉత్తర్వు వెలువడింది. తొమ్మిదిమంది పరిశోధకులు తమ కోటాను పూర్తిగా వినియోగించుకున్నారు గనుక, వారి పరిశోధన సంపూర్ణమైనట్లు భావించి వారికి డాక్టరేట్లు ప్రసాదించడమైనది. రంగేశ్వరి గ్రంథం మాత్రం 'పరిశీలనలో ఉన్నది.' స్వీకరించిన క్షణంలోనే అది ఉద్గారమై విశ్వవిద్యాలయం లెక్కలోకి వస్తుంది. గడువు తీరేదాకా స్వీకరించకపోతే పీడా పోతుంది.

హుసేనయ్య డాక్టర్ హుసేనయ్య అయ్యాడు. ఆ సాయంత్రం స్వీటు పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి, తలెత్తకుండా నిలబడ్డాడు. "తిడితే తిట్టక్కా. నాకు సిగ్గుగా ఉంది."

"నిన్నెందుకు తిడతానప్పా," అంది ఆమె. పెట్టె మూత మాత్రం తీయలేదు. గడువుకి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. ఆ అధ్యాయం ఏ బీరువా అడుగునో చెదలకి ఆహారమవుతుందన్నదే ఆమె బాధ. డాక్టరేట్ పోతుందన్న బాధ దాని తర్వాతే.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి జాతీయ హరిత శ్రేణి మండలి వారి తాఖీదు వచ్చింది. విశ్వవిద్యాలయాలకి హరిత ర్యాంకులిచ్చేది ఈ మండలి. ఏటా ప్రతి సంస్థా తన వాతావరణ నివేదిక పంపాలి. మన విశ్వవిద్యాలయం ఎప్పట్లాగే సున్నా వేసి సిద్ధంగా ఉంచింది. హాస్టల్ వంట కాంట్రాక్టరుది, బస్సులు అద్దెవి, భవనాలు ప్రభుత్వానివి. గీత లోపల ఏమీ లేదు. తాఖీదులో ఇలా ఉంది: 'దేశంలోని నాలుగు వందల పన్నెండు సంస్థలూ సున్నా చూపించినందున మండలికి ర్యాంకులిచ్చుట సాధ్యపడుట లేదు. ఇకపై సున్నా చూపిన నివేదికలు అనుమానాస్పదములుగా తిరస్కరింపబడును. కనీసం రెండు వందల కిలోల యథార్థ ఉద్గారమును, అందుకు మూలమైన పత్రమును సంపూర్ణ పాఠముతో అనుబంధముగా జతపరచి, మూడు రోజులలో పంపవలెను.'

వైస్ ఛాన్సలర్ గారి గదిలో అత్యవసర సమావేశం. రెండు వందల కిలోల పొగ కావాలి. ఎక్కడ తెచ్చేది? రసాయన శాస్త్ర విభాగాన్ని అడిగారు. అక్కడ ఆమ్లాలు అయిపోయి నాలుగేళ్ళయింది. చెత్త తగలబెడదామా అన్నాడొక డీను. చెత్త మునిసిపాలిటీదని, పరిధిలోకి రాదని రిజిస్ట్రార్ గారు విచారంగా చెప్పారు. మూడు వేలమంది ఉన్న సంస్థలో పని చేసి పొగ పుట్టించినవాడు ఒక్కడూ కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది రంగేశ్వరి.

ఆమెని కారు పంపి పిలిపించారు. వైస్ ఛాన్సలర్ గారు లేచి కుర్చీ చూపించారు.

"తల్లీ, ఈ విద్యాలయానికి ఉద్గారం మీరొక్కరే. రేపు ఉదయం పదిగంటలకు మీ మౌఖిక పరీక్ష. సాయంత్రానికి పట్టా. కాదనకండి."

పరిమళరావు గారు కబురందుకుని పరుగున వచ్చారు. ఆయన చిరునవ్వు మొదటిసారి కొంచెం పక్కకి జరిగింది. "సార్, ఆ నాలుగో అధ్యాయం లేకుండా..."

"నాలుగో అధ్యాయం ల్యాకపోతే ఇరవై రెండు కిలోలే సార్," అంది రంగేశ్వరి ఎంతో వినయంగా. "నేను బస్సెక్కనట్టే గదా, సార్ చెప్పినట్టు."

వైస్ ఛాన్సలర్ గారు పరిమళరావు గారి వైపు చూసిన చూపులో, ప్రాయోజకులపై గౌరవం కన్నా ర్యాంకుపై ప్రేమ ఎక్కువ కనబడింది.

మౌఖిక పరీక్ష అరగంటలో ముగిసింది. పరీక్షకుడు విమానంలో వచ్చి, పరిధికి వెలుపలి బిర్యానీ తిని, ఒకే ప్రశ్న అడిగాడు. బస్సు ప్రయాణం ఇంకా ఏమైనా మిగిలిందా, కలుపుదామా అని. సాయంత్రం ఐదింటికి రంగేశ్వరి డాక్టర్ రంగేశ్వరి అయింది. నాలుగో అధ్యాయం అనుబంధంగా, విశ్వవిద్యాలయం ముద్రతో, మండలికి వెళ్ళింది. మండలి వారు ఇంత యథార్థమైన నివేదిక దేశంలో ఇంతవరకూ రాలేదని మెచ్చుకుని దాన్ని అన్ని సంస్థలకీ, పత్రికలకీ, అందులో కంపెనీ పేరు ఉన్నందుకు మహామేరు వారి పెట్టుబడిదారులకీ నమూనాగా పంపించారు.

పెట్టుబడిదారుల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆరు వందల నలభై లారీలా? అవి ఎక్కడివి? మూడు నెలలు కిందా మీదా పడి మహామేరు వారు కొత్త పుస్తకం అచ్చు వేశారు. గేటూ, గేటు ముందున్న రోడ్డూ పరిధిలోకి తీసుకున్నారు. ఉద్గారాల తగ్గింపుకి కంకణం కట్టుకున్నామనీ, తొలి చర్య అప్పుడే పూర్తయిందనీ, ఇంకా మొదలుపెట్టకుండానే, ముఖచిత్రం వెనక రాశారు. ఆ చర్య ఏమిటో చదివి రంగేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. 'గేటు పరిధిలో గుర్తించబడిన కట్టెల పొయ్యి ఒకటి తొలగింపబడినది.'

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. గేటు ముందు లారీలు కిలోమీటరు పొడవున ఆగి ఉన్నాయి. ఇంజన్లన్నీ ఆపేసి డ్రైవర్లు రోడ్డు పక్కన చతికిలబడి ఉన్నారు. బంకులో పొయ్యి స్థానంలో ఇటుకలు చెదిరి ఉన్నాయి. ఓబులమ్మ చేతులు కట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"ఏమైంది అవ్వా?"

"నిన్న మాపున వచ్చి పొయ్యి పగలగొట్టి పోయినారు పాపా. నా పొయ్యి వల్ల లోకమంతా కాగిపోతాందంట. వీళ్ళు పొద్దన్నుంచి టీ నీళ్ళు ల్యాకుండ బండి తీసేది ల్యాదని కూకున్నారు. నేనేం చెప్పల్యా, వాళ్ళంతట వాళ్ళే."

"రాత్రంతా తోలి వచ్చినాము మేడమ్," అన్నాడొక డ్రైవరు. "రెండు టీలు పడకుంటే కండ్లు నిలవవు. ఎవరు తోలతారు?"

లోపల సిమెంటు గోడౌను నిండిపోయింది. బట్టీ ఆపాలా వద్దా అని చైర్మన్ గారి బావమరిది ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. పదకొండు గంటలకి గేటు తెరుచుకుని పరిమళరావు గారు నడిచి వచ్చారు. బట్టలకి దుమ్మంటని ఆ మనిషి రెండు చేతుల నిండా ఎండుకట్టెలు ఎత్తుకుని వచ్చారు. వెనకాల ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు ఇటుకలు మోస్తున్నారు.

"పెద్దమ్మా, చిన్న పొరపాటు జరిగింది. పొయ్యి వెలిగించండి. తమరి దయ."

ఓబులమ్మ కదల్లేదు. "వెలిగిస్తా నాయనా. మళ్ళ రేపు వచ్చి పగలగొడ్తారు. ముందర కాయితం మింద రాసియ్యి. ఈ పొయ్యి ఈడ ఉండాదని. ఈ లారీలు ఉండాయని. ఈ దుమ్ము మీదేనని."

పరిమళరావు గారు చుట్టూ చూశారు. డ్రైవర్లు చూస్తున్నారు. కట్టెలు కింద పెట్టి, చొక్కా దులుపుకుని, బల్ల మీద రంగేశ్వరి పక్కన కూర్చుని, ఆమె నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. కలం తీసి పైన తేదీ వేశారు. ఇరవయ్యేళ్ళుగా నివేదికలు రాస్తున్న మనిషికి ఇలాంటిది రాయడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"డాక్టర్ గారూ," అన్నారు చివరికి గొంతు తగ్గించి, "ఎలా రాయమంటారు?"

"ఏముంది సార్," అంది రంగేశ్వరి. "ఎదురుగా కనబడ్తాంది గదా. చూసి రాయండి."